పెన్ను ఎప్పుడు ఆపాలి

ఇంటర్ దాకా నోట్స్ అంటే సార్ చెప్పింది చెప్పినట్టు రాయడం. గురుకులంలోనైనా, ఖమ్మం ప్రైవేటు కాలేజీలోనైనా పద్ధతి ఒకటే. సార్ వాక్యం వాక్యం డిక్టేట్ చేస్తారు, "కామా... ఫుల్‌స్టాప్... పక్క పేరా" అని కూడా చెప్తారు. వెనక బెంచీ నుంచి "సార్, మళ్లీ ఒకసారి" అంటే మళ్లీ చెప్తారు. ఇన్నేళ్లు అలా రాసిన చెయ్యి డిగ్రీ మొదటి సెమిస్టర్‌లోనో, బీటెక్ మొదటి వారంలోనో బిత్తరపోతుంది. ప్రొజెక్టర్ ఆన్ అవుతుంది, స్లైడ్ వెనక స్లైడ్ పోతూ ఉంటుంది, గంట కొట్టేలోపు యూనిట్‌లో సగం అయిపోతుంది. "రన్నింగ్ నోట్స్ రాసుకోండి" అంటారు గానీ ఎలా రాయాలో ఎవరూ చెప్పరు. అది సిలబస్‌లో లేదు మరి.

చర్ల, దుమ్ముగూడెం, గుండాల, ములకలపల్లి వైపు నుంచి వచ్చి కొత్తగూడెంలోనో ఖమ్మంలోనో హాస్టల్‌లో ఉండి చదివే పిల్లలు ఇక్కడే తమ మీద తామే తీర్పు రాసేసుకుంటారు. నా ఇంగ్లీష్ బాగాలేదు, నా చెయ్యి నెమ్మది, నేనీ కోర్సుకు పనికిరాను అని. తీర్పుకు ముందు లెక్క చూద్దాం. ఇంగ్లీషులో పాఠం చెప్పే మనిషి మామూలుగా నిమిషానికి 120 నుంచి 150 మాటలు మాట్లాడతాడు. చేత్తో రాసేవాళ్లు ఎంత గబగబా రాసినా నిమిషానికి 20, 30 మాటలు దాటడం కష్టం. హైదరాబాద్‌లో పెరిగిన కుర్రాడికీ అంతే, వెంకటాపురం నుంచి వచ్చిన అమ్మాయికీ అంతే. ఐదు మాటల్లో నాలుగు ఎవరికైనా జారిపోవాల్సిందే. కాబట్టి జారిపోకుండా ఎలా చూడాలా అని తంటాలు పడకండి. ఏ నాలుగు పోయినా ఫర్వాలేదు, ఏ ఒక్కటి మిగలాలి అన్నదే మీరు క్లాసులో కూర్చుని చేయాల్సిన పని.

షార్ట్‌హ్యాండ్ నేర్చుకుంటే సరిపోదా అని కొందరు అడుగుతారు. టైపు ఇన్‌స్టిట్యూట్లలో ఇప్పటికీ నేర్పుతున్నారు, సాంకేతిక విద్యా మండలి తెలుగులోనూ పరీక్ష పెడుతోంది. ఉద్యోగం కోసమైతే మంచి విద్యే. కానీ కోర్టులో స్టెనోకు ప్రతి మాటా కావాలి, ఏది ముఖ్యమో ఆమె తేల్చక్కర్లేదు. విద్యార్థి పని సరిగ్గా దానికి వ్యతిరేకం. విన్నదాంట్లో ఏది అసలు, ఏది ఉదాహరణ, ఏది మధ్యలో వచ్చిన కబురు అని తేల్చడమే మీకు సగం చదువు. అది చేతివేగంతో వచ్చేది కాదు. పెన్ను ఆపి వినగలిగితేనే వస్తుంది.

అంకె ఒక్కటే రాస్తే ఏమవుతుంది

గోదావరి ఒడ్డు వాళ్లకు 43, 48, 53 అంటే వేరే వివరం అక్కర్లేదు. భద్రాచలం దగ్గర నీటిమట్టం ఆ అడుగులకు చేరితే వరసగా మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు. ఇప్పుడు డిజాస్టర్ మేనేజ్‌మెంట్ క్లాసులో సార్ ఇవే అంకెలు చెప్పి, 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిందని, 2022 జులైలో 71.3 దాకా వచ్చిందని వేగంగా చెప్పుకుపోయారనుకోండి. వరంగల్ నుంచి వచ్చిన కుర్రాడి పుస్తకంలో ఇలా ఉంటుంది: 43, 48, 53, 75.6, 71.3. నెల తర్వాత ఇవి అడుగులో మీటర్లో, ఏ ఊరివో, ఏ ఏడాదివో అతనికి తెలియదు. ఒక్క అంకె కూడా వదలకుండా రాశాడు, చేతికి ఏమీ దక్కలేదు.

అదే చోట ఇలా రాస్తే: "గోదా. @ భద్రా., అడుగుల్లో. 1వ హెచ్చరిక 43, తర్వాత +5, +5. రికార్డు 86: 75.6. 22లో 71.3." పెద్దగా ఎక్కువ సేపేమీ పట్టదు. కానీ అంకెకు ఊరు, కొలమానం, ఏడాది అంటుకుని ఉన్నాయి. పైగా మూడు అంకెలు గుర్తుపెట్టుకునే పని పోయి ఒక్క అంకె, ఒక్క కూడిక మిగిలాయి.

మిగతావన్నీ ఏ అంకెలోంచి పుడతాయో దాన్ని పట్టుకోవడం అలవాటైతే సైన్సు క్లాసుల్లో సగం భారం దిగిపోతుంది. అశ్వారావుపేట వ్యవసాయ కళాశాల పిల్లలకు ఆయిల్ పామ్ పాఠం కొత్తేమీ కాదు, చుట్టూ తోటలే. మొక్కలు తొమ్మిది మీటర్ల దూరంలో త్రిభుజాకారంగా నాటాలి, ఎకరాకు 57, హెక్టారుకు 143 వస్తాయి అని మేడమ్ చెప్తారు. రాయాల్సింది "9 మీ., త్రిభుజం" అన్నది మాత్రమే. ఒక్కో మొక్కకు 9 × 9 × 0.866, అంటే దాదాపు 70 చదరపు మీటర్లు. ఎకరా 4047 చదరపు మీటర్లు, భాగించండి. హెక్టారుకూ అంతే. రాత్రి గదిలో మీరే లెక్కేసి 57 రాబట్టుకుంటే ఆ అంకె ఇక పోదు. క్లాసులో ఆ కాస్త సమయం మిగిలినందుకు, త్రిభుజాకారం ఎందుకన్న మేడమ్ మాట మీ చెవిన పడుతుంది. అది ఏ గైడులోనూ వివరంగా ఉండకపోవచ్చు.

మూడు నిమిషాల పాఠం, రెండు నోట్‌బుక్కులు

ఒక పాఠం ముక్క తీసుకుని చూద్దాం. బీఏ రాజనీతిశాస్త్రం క్లాసు, ఏజెన్సీ భూముల చట్టం. లెక్చరర్ ఇలా చెప్తున్నారు:

"ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చింది. దాన్ని 1963లో తెలంగాణ ప్రాంతానికి కూడా వర్తింపజేశారు. అయితే అందులో సందులున్నాయి. అప్పటికే గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమిని ఇంకో గిరిజనేతరుడికి అమ్ముకుంటే అడ్డేమీ లేదు. ఈ భూమి నాదేనని రుజువు చేసుకునే బరువు కూడా గిరిజనుడి మీదే పడేది. కాగితాలు ఎక్కడుంటాయి చెప్పండి వాళ్ల దగ్గర? అందుకని 1970లో సవరణ తెచ్చారు. అదే మనం రోజూ వినే వన్ ఆఫ్ సెవెంటీ. దాంతో గిరిజనేతరుడు గిరిజనుడికి తప్ప ఇంకెవరికీ అమ్మడానికి లేదు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందేనని చట్టం ముందే అనుకుంటుంది, కాదని చూపించుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. తర్వాత 1997లో సమతా తీర్పు. ప్రభుత్వం కూడా ఈ చట్టంలో ఒక వ్యక్తి కిందే లెక్క, కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇవ్వడానికి లేదని సుప్రీంకోర్టు చెప్పింది..."

మొదటి నోట్‌బుక్ చూడండి. "ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చింది. దాన్ని 1963లో తెలంగాణ ప్రాంతానికి కూడా..." అక్కడ తెగింది. తర్వాత సగం వాక్యం, "సందులున్నాయి". దాని తర్వాత "1970 సవరణ". మళ్లీ ఖాళీ. చివర "సమతా 1997". దస్తూరి ముత్యాల్లా ఉంది. రాసిన వాక్యాలన్నీ నిజమే. కానీ 1970లో సవరణ ఎందుకు అవసరమైంది, దాంతో ఏం మారింది అన్నవి రెండూ లేవు. పరీక్షలో అడిగేది ఆ రెండే.

రెండో నోట్‌బుక్:

1/59 → తెలం. 63
సందు: గి× → గి× అమ్మకం ఓకే. రుజువు బరువు గి మీద (కాగితాల్లేవు!)
1/70: గి× → గి కే. రుజువు బరువు తిరగబడింది → గి× మీద
సమతా 97, సు.కో.: ప్రభు. కూడా "వ్యక్తి" ∴ ప్రైవేటు గనుల లీజు ✗

నాలుగు వరసలు. గి అంటే గిరిజనులు, గి× అంటే గిరిజనేతరులు అని ఆ అమ్మాయి పేజీ పైన ఒకసారి రాసుకుంది. మొదటి వాక్యంలో సంవత్సరం తప్ప ఇంకేమీ రాయలేదు. పాఠం పేరే ఆ సంగతి చెప్తోంది కదా. "సందులున్నాయి" అన్న మాట వినగానే మాత్రం పెన్ను ఎత్తి పట్టుకుని ఆగింది, సందు ఏదో చెప్పేదాకా. విన్నాక రాసింది. "కాగితాలు ఎక్కడుంటాయి" అని సార్ పక్కదారి పట్టినట్టు అన్న ముక్కను బ్రాకెట్లో పెట్టింది. అలాంటి మాటే నెల తర్వాత పాఠం మొత్తాన్ని లాక్కొస్తుంది. సార్లు చెప్పే కథలను కూడా ఒక్క మాటతో గుర్తు పెట్టుకుని వదిలేయాలి. కథంతా రాయడం దండగ, ఏమీ రాయకపోవడం నష్టం.

ఇలాంటి పొట్టి రాతలు ఇంకొకరివి అరువు తెచ్చుకోవద్దు. ప్రభు., సు.కో., రాజ్యాం., కార్య., ఆర్థి. లాంటివి అందరికీ తెలిసినవే. మీ సబ్జెక్టులో పదే పదే వచ్చే మాటలు పది పన్నెండు ఏరుకుని సెమిస్టర్ మొత్తం ఒకేలా వాడితే చాలు. ఒక రోజు "ప్ర." అంటే ప్రభుత్వం, ఇంకో రోజు ప్రజలు అయితే మీ నోట్‌బుక్‌లో విప్లవాలే జరిగిపోతాయి.

పెన్ను ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు కదపాలో లెక్చరర్లే తెలియకుండా చెప్తూ ఉంటారు. "అయితే", "కానీ", "అందుకని" అన్నప్పుడు ఆగండి, అసలు సంగతి దాని వెనకే వస్తుంది. "దీనికి మూడు కారణాలు" అంటే వెంటనే మార్జిన్ పక్కన 1, 2, 3 వేసి పెట్టండి. రెండోది మిస్సయినా ఏదో మిస్సయిందన్న సంగతైనా తెలుస్తుంది. స్లైడ్ చదువుతున్న మనిషి బోర్డు వైపు నడిచారంటే రాయాల్సిన సమయం వచ్చినట్టే. ఒకే మాట రెండోసారి, గొంతు కాస్త తగ్గించి చెప్పారంటే దాని కింద గీత పడాలి. "ఇది ఇంటర్నల్స్‌లో అడుగుతా" అన్నది మాత్రం ఎవరూ మిస్సవరు, అది నేను చెప్పక్కర్లేదు.

చెవిలో ఒక భాష, చేతిలో ఒక భాష

ఈ అడవి అంచు పిల్లలకు ఇంకో బరువుంది, పట్నం పుస్తకాలు దాని ఊసెత్తవు. ఇంట్లో కోయ భాష, బళ్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లీష్. క్లాసులో కూర్చున్నప్పుడు చెవి ఇంగ్లీష్ వింటుంది, బుర్ర దాన్ని తెలుగు చేసుకుంటుంది, చెయ్యి మళ్లీ ఇంగ్లీషులో రాయబోయి స్పెల్లింగ్ దగ్గర ఆగిపోతుంది. ఒకే క్షణంలో మూడు పనులు. పాఠం వేగంగా ఉందని మీరనుకునేదాంట్లో సగం ఈ మూడో పని వల్లే.

కాబట్టి క్లాసులో స్పెల్లింగ్ జోలికి పోవద్దు. వినపడింది వినపడినట్టు తెలుగు అక్షరాల్లో రాసేయండి. స్ట్రాటిగ్రఫీ, పర్మియన్, టెనెరా, ప్రిజంప్షన్. మన లిపికి ఉన్న గొప్ప సుఖం అదే, ఏ శబ్దాన్నయినా ఆగకుండా రాసుకోవచ్చు. భావం తెలుగులో తడితే తెలుగులో, కోయలో తడితే కోయలో రాయండి. నోట్‌బుక్ ఎవరూ దిద్దరు. కాకపోతే పరీక్ష ఇంగ్లీషులో రాయాలి కాబట్టి ఆ మాటల అసలు స్పెల్లింగ్ ఆ రాత్రే పాఠ్యపుస్తకంలో వెతికి పక్కన రాసుకోవాలి. అది తప్పించుకోవడానికి లేదు. రోజుకు ఐదారు మాటలంటే పెద్ద పనేమీ కాదు, సెమిస్టర్ చివర ఒక్కసారిగా రెండొందల మాటలంటే మాత్రం భయమేస్తుంది.

క్లాసుకు ముందు పది నిమిషాలు ఆ యూనిట్‌లో బోల్డ్ అక్షరాల్లో ఉన్న మాటల మీద ఒకసారి చూపు పోనివ్వండి. అర్థం చేసుకోనక్కర్లేదు, నోటితో పలికి చూడండి చాలు. ముందే ఒకసారి విన్న మాట క్లాసులో మాటలా వినపడుతుంది. విననిది ఒట్టి శబ్దంలా దాటిపోతుంది. ఈ అధ్యాయంలో ఒక్క సలహా మాత్రమే పాటించే ఓపిక మీకుంటే, ఇది పాటించండి.

పేజీని ఖాళీగా వదలడం

అమెరికాలో కోర్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వాల్టర్ పాక్ అనే అధ్యాపకుడు 1950లలో ఒక పేజీ పద్ధతి రూపొందించాడు. కాలేజీ చదువుల మీద ఆయన రాసిన పుస్తకం 1962లో వచ్చి లక్షల మందికి చేరింది. పేజీకి ఎడమ పక్క వెడల్పుగా ఒక పట్టీ, కుడి పక్క పెద్ద భాగం, అడుగున నాలుగు వేళ్ల ఖాళీ. క్లాసులో కుడివైపు మాత్రమే రాస్తారు. ఎడమ పట్టీలో తర్వాత ప్రశ్నలు రాస్తారు. అడుగున పేజీ సారం రెండు మూడు వాక్యాల్లో.

మన లాంగ్ నోట్‌బుక్‌కు మార్జిన్ ఎలాగూ ఉంటుంది, ఇంకో నాలుగు వేళ్లు లోపలికి స్కేలుతో గీత గీస్తే పని అయిపోయింది. కానీ మన దగ్గర దీనికి అడ్డొచ్చేది పొదుపు. కాగితం దండగని పై అంచు నుంచి కింద అంచు దాకా కిక్కిరిసి రాస్తాం. చిన్నప్పటి నుంచి ఇంట్లో అలాగే నేర్పారు, అందులో తప్పు పట్టేదేమీ లేదు. ఈ ఒక్క చోట మాత్రం పొదుపు ఖరీదైపోతుంది. ఒక ముక్క మిస్సయితే ప్రశ్న గుర్తు పెట్టి మూడు వరసలు వదిలి ముందుకెళ్లిపోవాలి. పోయినదాని కోసం పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూస్తూ ఉంటే తర్వాత వచ్చే రెండు ముక్కలు కూడా పోతాయి. వదిలిన వరసలు సాయంత్రం నిండుతాయి. వదలకపోతే నింపడానికి చోటే ఉండదు.

పేజీ పైన పెట్టే పేరు విషయంలో ఒక జాగ్రత్త. చాలామంది "యూనిట్ 2" అనో "నిన్నటి తరువాయి" అనో రాస్తారు. భద్రాచలం రోడ్ అని బోర్డు చూసి రైలు దిగిన యాత్రికుడు కొత్తగూడెంలో నిలబడి, రాముడి గుడికి ఇంకా నలభై కిలోమీటర్లు బస్సెక్కాలని తెలుసుకున్నట్టే ఉంటుంది పరీక్ష ముందు ఆ పేరు చూసి పేజీ తెరిచిన మీ పరిస్థితి కూడా. "1/70 ఎందుకు వచ్చింది" అని రాయండి. తేదీ వేయండి. క్లాసు అయ్యాక రాసినా ఫర్వాలేదు, అప్పటికి గానీ పాఠం దేని గురించో తెలియదు కొన్నిసార్లు.

బొమ్మ ఉన్న చోట మాటలు తగ్గించండి. కొత్తగూడెంలో ఇప్పటికీ అందరూ స్కూల్ ఆఫ్ మైన్స్ అనే పిలిచే కాలేజీ 2025లో మన్మోహన్ సింగ్ పేరుతో ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయింది. అక్కడ జియాలజీ వినేవాళ్లకు గోదావరి లోయ బొగ్గు పొరల స్లైడ్ తప్పదు. అడుగున తాల్చిర్, దాని పైన బొగ్గు దండిగా ఉండే బరాకర్, ఆ పైన పేరులోనే బొగ్గు లేదని చెప్పే బారెన్ మెజర్స్, ఇంకా పైన కామ్తి. దీన్ని వాక్యాల్లో రాయబోతే స్లైడ్ మారిపోతుంది. నాలుగు అడ్డగీతలు గీసి, ఒక్కో అరలో పేరు వేసి, బరాకర్ అరను పెన్సిల్‌తో నల్లగా రుద్దితే పాఠం అందులోకొచ్చేస్తుంది. 1871లో ఇల్లందు దగ్గర విలియం కింగ్ బొగ్గును గుర్తించిన కథ సార్ చెప్తే పక్కన "కింగ్ 71, ఇల్లందు" అని వేసుకుని, ఆ కథను హాయిగా వినండి.

ఇక ఫోన్. స్లైడ్ ఫొటో తీసుకుంటే రాయక్కర్లేదు కదా అనిపిస్తుంది. తీసుకోండి, సార్ ఒప్పుకుంటే. కానీ ఆ ఫొటో పెళ్లి ఫొటోల మధ్య, వాట్సాప్ గుడ్ మార్నింగుల మధ్య కలిసిపోతుంది. నోట్‌బుక్‌లో ఆ చోట "ఫొటో" అని రాసి తేదీ, సమయం వేస్తే తప్ప మళ్లీ దొరకదు. లాప్‌టాప్ మంచిదా, పెన్ను మంచిదా అన్న దాని మీద కూడా పెద్ద చర్చే నడిచింది. 2014లో ముల్లర్, ఓపెన్‌హైమర్ అనే ఇద్దరు పరిశోధకులు టైపు చేసేవాళ్లు ఉన్నదున్నట్టు దింపేస్తారని, లోతైన ప్రశ్నల్లో వెనకబడతారని చెప్పారు. తర్వాత అదే ప్రయోగాన్ని మళ్లీ చేసినవాళ్లకు 2021లో మొదటి సగం నిజమని తేలింది గానీ, మార్కుల్లో ఆ తేడా కనపడలేదు. కాబట్టి మీ దగ్గర లాప్‌టాప్ లేదని బెంగ పెట్టుకోవద్దు, ఉంటే గర్వమూ వద్దు.

అదే రోజు సాయంత్రం

క్లాసులో రాసింది సగం సరుకే. మిగతా సగం అదే రోజు చీకటిపడేలోపు తయారవుతుంది.

మనుషుల జీవితాల్ని అధ్యయనం చేసేవాళ్లకు ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. 1940లలో ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు ఈ గోదావరి గట్టునే, పాపికొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో వాళ్ల మీద ఒక పుస్తకం తెచ్చాడు. ఆయన కాగితాలు లండన్‌లో భద్రపరిచి ఉన్నాయి. ఆ వృత్తిలో కొత్తవాళ్లకు మొదట నేర్పేది ఇదే. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే తల వంచుకుని రాస్తూ కూర్చోకూడదు, ఒకటి రెండు గుర్తులు వేసుకోవాలి, ఆ రాత్రి పడుకోకముందే వాటిని విప్పి పూర్తిగా రాయాలి. తెల్లవారితే ఆ గుర్తులు వేసుకున్నవాళ్లకే అర్థం కాకుండా పోతాయి.

ఎందుకలా అన్నది 1885లోనే జర్మనీ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగం చేసుకుని చూపించాడు. నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి గంటల్లో, మొదటి రోజులోనే పోతుంది, ఆ తర్వాత పోవడం నెమ్మదిస్తుంది. 2015లో ఆ ప్రయోగాన్ని మళ్లీ చేస్తే దాదాపు అలాంటి గీతే వచ్చింది. శనివారం కూర్చుని వారం నోట్స్ అంతా చూద్దాం అనుకునేవాళ్లు ఎక్కువ భాగం పోయాక లెక్కకు కూర్చుంటున్నారన్నమాట.

కాలేజీ నుంచి బస్సులో వెళ్తే కిటికీ పక్క సీటు చాలు. బయట కిన్నెరసాని వైపు అడవి మొదలయ్యాక ఫోన్ సిగ్నల్ ఎలాగూ సరిగా ఉండదు, అదొక వరం. బస్సు కుదుపులో రాయలేరు, రాయక్కర్లేదు. పుస్తకం మూసి, ఇవాళ సార్ చెప్పినవాటిలో ఏవి గుర్తున్నాయో లోలోపల చెప్పుకోండి. ఆగిపోయిన చోట పుస్తకం తెరవండి. హాస్టల్‌కు చేరాక ప్రశ్న గుర్తులున్న ఖాళీల్లో పక్క గది మిత్రుణ్ని అడిగో, పుస్తకం చూసో నింపండి, ఎడమ పట్టీలో ప్రశ్నలు రాయండి. "1/59లో సందులేమిటి?", "రుజువు బరువు ఎవరి మీద, ఎప్పటి నుంచి?" ఇరవై నిమిషాలు పట్టదు.

మన కాలేజీల్లో ఈ ఇరవై నిమిషాల స్థానాన్ని ఆక్రమించింది ఫెయిర్ నోట్స్. రఫ్‌లో రాసింది తీరిగ్గా, నీలం నలుపు పెన్నులతో, హెడ్డింగుల కింద స్కెచ్ పెన్ గీతలతో ఇంకో పుస్తకంలోకి ఎక్కించడం. చూడముచ్చటగా ఉంటుంది, అమ్మానాన్న చూసి మురిసిపోతారు, క్లాసంతా జిరాక్స్ తీయించుకుంటుంది. అది ఎక్కువగా చేతికి పని, బుర్రకు సెలవు. 2006లో రోడిగర్, కార్పికే అనే శాస్త్రవేత్తలు ఒక పాఠం ముక్కను కొందరితో నాలుగుసార్లు చదివించారు. ఇంకొందరు ఒక్కసారే చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తుచేసుకుని రాశారు. వారం తర్వాత మొదటివాళ్లకు 40 శాతం గుర్తుంది, రెండోవాళ్లకు 61 శాతం. మళ్లీ మళ్లీ చూడడం చూడకుండా గుర్తుచేసుకోవడానికి సాటి రాదని అప్పటి నుంచి చాలా ప్రయోగాలు చెప్తూనే ఉన్నాయి. అయినా ఫెయిర్ నోట్స్ చావదు. ల్యాబ్ రికార్డు వేరు, అది మార్కుల కోసం, అది రాయాల్సిందే.

అడగడం దగ్గర కూడా ఒక మాట. క్లాసు మధ్యలో లేచి అడగాలంటే మొహమాటం, ఇంగ్లీషులో అడగాలంటే ఇంకా భయం. క్లాసు అయ్యాక కారిడార్‌లో కలవండి. "సార్, అర్థం కాలేదు" అంటే ఏ సారైనా "ఏది?" అంటారు, అక్కడితో మన నోరు మూతబడుతుంది. నోట్‌బుక్ తెరిచి ఖాళీ చూపించండి. "సార్, సమతా తీర్పులో ప్రభుత్వం వ్యక్తి కిందకు వస్తుందన్నారు, ఆ తర్వాతది మిస్సయ్యాను." ఇలా అడిగిన పిల్లకు జవాబు చెప్పని లెక్చరర్ దాదాపు ఉండరు. తెలుగులో అడగండి, ఏమీ కాదు.

ఇక వానాకాలం. జులై, ఆగస్టుల్లో గోదావరి పెరిగి దారులు మునిగితే చర్ల, వాజేడు వైపు పిల్లలకు వారం క్లాసులు పోవడం మామూలే. తిరిగొచ్చాక అందరూ చేసేది స్నేహితుడి నోట్స్ జిరాక్స్ తీయించడం. ఇంకొకరి పొట్టి రాతలు మీకు గుర్తుచేసేదేమీ ఉండదు, మీరు ఆ క్లాసులో లేరు కదా. జిరాక్స్ డబ్బులకు ఇద్దరూ టీ తాగి, పుస్తకం అతని ముందే పెట్టి, వరస వరసకూ "ఇదేంటి?" అని అడుగుతూ మీ చేత్తో మీ పుస్తకంలో రాసుకోండి. అతనికి కూడా లాభమే, చూడకుండా చెప్పే పని అతని మీద పడింది.

ఇంటర్నల్స్ ముందు రోజు కుడి భాగాన్ని అట్టముక్కతో మూసి ఎడమ పట్టీ ప్రశ్నలకు బయటికి జవాబు చెప్పండి. తడబడిన ప్రశ్న పక్కన చుక్క పెట్టండి. రెండో విడతలో చుక్కలున్నవే చూడండి, అన్నీ వచ్చినవే మళ్లీ మళ్లీ చదివి సంబరపడొద్దు.

సెమిస్టర్ అయిపోగానే పుస్తకాలు పాత పేపర్లవాడికి వేసేయకండి. చివరి పేజీలో పాఠాల పేర్లు, పేజీ నంబర్లు రాసి, అట్ట మీద సబ్జెక్టు, సంవత్సరం వేసి అట్టపెట్టెలో పెట్టండి. పీజీ ప్రవేశ పరీక్ష రాసేటప్పుడు అక్కర పడతాయి. గ్రూప్ పరీక్షలకు కూర్చునేవాళ్లకైతే షెడ్యూల్డ్ ప్రాంతాల భూముల అన్యాక్రాంతం సిలబస్‌లోనే ఉంది, ఆ నాలుగు వరసలు అప్పుడు మళ్లీ తీయాల్సి వస్తుంది. పెట్టె అటక మీద పెట్టేముందు అడుగున వేపాకు వేయండి, ఇక్కడి చెదలు దేన్నీ వదలవు.